రెండో కుర్చీ ఎవరిది?

గత వేసవిలో వేంపల్లెకు వెళ్లినప్పుడు మా పేటలోని ఒక అవ్వ ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచుకున్న కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఎప్పుడో ఆమె పెనిమిటికి ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా, కొన్ని పాత రసీదులు, అన్నిటికంటే పైన హైకోర్టు ఉత్తర్వు నకలు. రెండెకరాల మెట్ట. వానొస్తే వేరుశనగ, లేకుంటే బీడు. పక్క పొలం ఆసామి గట్టు చెరిపి కలుపుకున్నాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి రిట్ వేశారు. ఆ భూమి మేమిచ్చిందేనని, ఆమె అనుభవంలో ఉండవలసిందేనని ప్రభుత్వం ఒక్క కౌంటర్ దాఖలు చేస్తే వ్యవహారం సగం తేలిపోతుంది. ఆ ఒక్క కౌంటరే రావడం లేదు. మొదట్లో సహాయ ప్రభుత్వ ప్లీడర్ గడువు అడిగారు. అలాంటి పిటిషన్లన్నిటినీ ఒక గుంపుగా కలిపిన తర్వాత అదనపు అడ్వకేట్ జనరల్ గడువు అడిగారు. ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. అంతా విని ఆమె అడిగింది: ‘‘నాయనా, ఈ పెద్ద వకీలు ఎవురు? మన పక్క మాట్లాడ్తాడా, వాళ్ల పక్క మాట్లాడ్తాడా?’’

రెండు దశాబ్దాలుగా రాజ్యాంగం బోధిస్తున్న నాకు ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకలేదు. ఆయన ప్రభుత్వ వకీలు అన్నాను. ప్రభుత్వం నీదే అవ్వా అనబోయి ఆగిపోయాను. ఈ వ్యాసం ఆ ఆగిపోయిన వాక్యం గురించే.

ప్రభుత్వ న్యాయవాద వ్యవస్థలో మొదటి కుర్చీ గురించి రాజ్యాంగం స్పష్టంగా మాట్లాడింది. 76వ అధికరణం కేంద్రానికి అటార్నీ జనరల్‌ను, 165వ అధికరణం రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్‌ను ఏర్పాటు చేశాయి. హైకోర్టు న్యాయమూర్తి కాగల అర్హత ఉన్నవారినే అడ్వకేట్ జనరల్‌గా గవర్నర్ నియమించాలి. 177వ అధికరణం ప్రకారం ఆయన శాసనసభలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. రెండో కుర్చీ దగ్గరకు వచ్చేసరికి రాజ్యాంగం మౌనం వహించింది. కేంద్రంలో సొలిసిటర్ జనరల్, అదనపు సొలిసిటర్ జనరళ్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో 15వ శతాబ్దం నుంచి అటార్నీ జనరల్‌కు సహాయకుడిగా ఉన్న పదవి నుంచి మనకు వచ్చిన పేరది. వారి పేర్లు రాజ్యాంగంలో కనిపించవు. వారి సేవా షరతులను 1987 నాటి నిబంధనలు నిర్ణయిస్తున్నాయి. రాష్ట్రాలలో ఆ స్థానంలో ఉన్నది అదనపు అడ్వకేట్ జనరల్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ నియామకాలకు ఒక రూపమిచ్చినది 2000 డిసెంబరులో న్యాయ శాఖ జారీ చేసిన 187వ నంబరు జీవో.

ఈ పదవి చట్టబద్ధత మీద దేశమంతటికీ వర్తించే తీర్పు కూడా మన రాష్ట్రం కేసులోనే వచ్చింది. రాజ్యాంగం ఒక్క అడ్వకేట్ జనరల్‌నే చెప్పినప్పుడు ‘అదనపు’ వారిని ఎలా నియమిస్తారని దాఖలైన ఎం.టి. ఖాన్ కేసులో 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదనపు అడ్వకేట్ జనరల్ అనేది రాజ్యాంగ పదవి కాదు. 162వ అధికరణం కింద ఉన్న కార్యనిర్వాహక అధికారంతో ప్రభుత్వం తన కేసులు వాదించడానికి తనకు నచ్చిన న్యాయవాదులను ఆ పేరుతో పెట్టుకోవచ్చు. అయితే చట్టాలు అడ్వకేట్ జనరల్‌కే ప్రత్యేకించిన విధులను వారు నిర్వహించలేరు. తీర్పు న్యాయశాస్త్ర రీత్యా సబబైనదే. దాని సామాజిక ఫలితాన్ని మాత్రం మనం ఇంతవరకూ చర్చకు పెట్టలేదు. రాజ్యాంగం కళ్లు పడని చోట, ప్రభుత్వ ఇష్టానికి వదిలేసిన చోట, ఎవరు కూర్చుంటారు? మన సమాజంలో ‘ఇష్టం’ ఎప్పుడైనా కులానికి అతీతంగా పనిచేసిందా?

చరిత్రలోకి ఒకసారి చూద్దాం. వేంపల్లె ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడిన తర్వాత చాలాకాలం అడ్వకేట్ జనరల్ పదవి ఇంగ్లీషు బారిస్టర్లదే. 19వ శతాబ్దం చివరిలో వి. భాష్యం అయ్యంగార్ తాత్కాలికంగా ఆ బాధ్యత నిర్వహించారు. 1907లో శంకరన్ నాయర్ వచ్చారు. ఆ తర్వాతి వరుస చూడండి: శివస్వామి అయ్యర్, శ్రీనివాస అయ్యంగార్, సి.పి. రామస్వామి అయ్యర్, వెంకటరామ శాస్త్రి, 1929 నుంచి 1944 దాకా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. పేర్ల చివరి మాటలే ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నాయి. వారి ప్రతిభను నేను శంకించడం లేదు. ప్రతిభకు అవకాశం, అవకాశానికి సీనియర్ ఛాంబర్, ఛాంబర్‌కు బంధుత్వం ఎలా జతపడ్డాయన్నదే నా ప్రశ్న. 1916లో బ్రాహ్మణేతర ప్రణాళికను ప్రకటించిన నాయకులు ఉద్యోగాల లెక్కలు ముందుపెట్టి అడిగింది కూడా ఇదే.

అల్లాడి ఉదాహరణ మరికొంత ఆలోచింపజేస్తుంది. నెల్లూరు జిల్లా పుదూరులో సామాన్య పూజారి కుటుంబంలో పుట్టి, పదిహేనేళ్లు ప్రెసిడెన్సీ అడ్వకేట్ జనరల్‌గా ఉండి, అంబేడ్కర్ అధ్యక్షతన రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్న మహా న్యాయవేత్త ఆయన. 1921 నుంచి రూపుదిద్దుకున్న కమ్యూనల్ జీవోను సవాలు చేసిన చంపకం దొరైరాజన్ వివాదంలో ఆయన ఆ జీవోకు వ్యతిరేకంగా నిలబడ్డారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవోను కొట్టివేసింది. మూడు నెలలు తిరగకముందే తొలి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) క్లాజు చేరింది. కక్షిదారు కోసం వాదించడం న్యాయవాది ధర్మం, అందులో తప్పు లేదు. కానీ ప్రభుత్వ న్యాయ పదవిలో సంపాదించిన అనుభవం, ప్రతిష్ఠ ఆ పదవితోనే ముగిసిపోవు. అవి మనిషితో పాటు కోర్టు హాలులోకి వస్తాయి. ఏ వర్గాలకు ఆ అనుభవం తరతరాలుగా అందిందో, ఏ వర్గాలకు అందలేదో చూడకుండా ‘న్యాయస్థానంలో అందరూ సమానమే’ అనడం సగం సత్యం.

ఇక తెలుగు నేలకు వద్దాం. సామాజిక న్యాయం మన దగ్గర వీధుల్లో ఎంత పోరాడి సాధించుకున్నా చివరికి కోర్టులో నిలబెట్టుకోవలసి వచ్చింది. 1960లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైద్య కళాశాలల సీట్ల కోసం తయారుచేసిన వెనుకబడిన తరగతుల జాబితాను హైకోర్టు కొట్టివేసింది. 1968లో సాగర్ కేసులో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. జాబితాకు ఏ ప్రాతిపదిక ఉందో చూపే సామగ్రిని ప్రభుత్వం కోర్టు ముందు ఉంచలేకపోయిందన్నది ప్రధాన కారణం. తర్వాత అనంతరామన్ కమిషన్ ఊరూరా సమాచారం సేకరించి 1970లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా ఇచ్చిన 25 శాతం రిజర్వేషన్‌నూ హైకోర్టు కొట్టివేసింది. ఈసారి మాత్రం 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ వాదనను అంగీకరించింది. అదే రాష్ట్రం, అవే కులాలు, దాదాపు అదే ప్రశ్న. నాలుగేళ్ల వ్యవధిలో ఒకసారి ఓటమి, ఒకసారి గెలుపు. మధ్యలో మారింది కోర్టు ముందు పెట్టిన సామగ్రి. ఆ సామగ్రిని అడిగి తెప్పించేదీ, చదివేదీ, న్యాయమూర్తికి అర్థమయ్యేలా వినిపించేదీ ప్రభుత్వ న్యాయవాదులే.

ఆ తర్వాత కూడా ఇదే బాట. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మురళీధరరావు కమిషన్ సిఫార్సులతో బీసీ కోటాను 25 నుంచి 44 శాతానికి పెంచితే హైకోర్టులో నిలవలేదు. మాదిగ దండోరా ఉద్యమం ఫలితంగా వచ్చిన 2000 నాటి ఎస్సీ వర్గీకరణ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నిటినీ స్థానిక ఆదివాసీలకే కేటాయించిన జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో రద్దు చేసింది. చిన్నయ్య తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న తిరగరాసిందంటే, ఆ కేసులో పంజాబ్ తరపున ఆ రాష్ట్ర అడ్వకేట్ జనరల్‌తో పాటు అదనపు అడ్వకేట్ జనరల్ కూడా నిలబడి వాదించారు. ఇరవై ఏళ్లు మన పల్లెల్లో రెండు దళిత కులాల మధ్య నలిగిన ప్రశ్న మరో రాష్ట్రపు న్యాయాధికారుల నోట పరిష్కారానికి వచ్చిందని గుర్తుంచుకోవాలి. ప్రతి ఓటమికీ ప్రభుత్వ న్యాయవాదినే బాధ్యుడిని చేయడం అన్యాయమవుతుంది. చట్టం బలహీనతలు, తీర్పుల వరుస, సమాచార లోపం అన్నీ ఉంటాయి. అయినా వెలివాడ జీవితం తెలిసిన ఒక్క మనిషి ఆ వాదన సిద్ధమయ్యే గదిలో ఉన్నాడా లేడా అన్నది అప్రధానమైన విషయం కాదు.

క్రిమినల్ కేసులలో ఈ సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15వ సెక్షన్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్లను ఏర్పాటు చేయమంది. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని నియమించవచ్చని 1995 నిబంధనలు చెప్పాయి. 1991 ఆగస్టు 6న జరిగిన చుండూరు మారణకాండలో బాధితులు తమ ఊళ్లోనే కోర్టు కావాలన్నారు, తాము నమ్మిన ప్రాసిక్యూటర్ కావాలన్నారు. బొజ్జా తారకం వంటి వారు ఆ పోరాటం వెంట నిలిచారు. బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు నిందితులను విడుదల చేయడం వేరే విషాదం. కానీ ‘మా తరపున ఎవరు మాట్లాడాలి’ అని దళితులు అడగడం, ప్రభుత్వం వినడం మన న్యాయ చరిత్రలో ఒక మైలురాయి. వేంపల్లె అవ్వ అడిగిందీ అదే ప్రశ్న కదా!

ఈ కుర్చీకి మరో ప్రాధాన్యం ఉంది. న్యాయమూర్తి పీఠానికి వెళ్లే మెట్లలో ఇది ఒకటి. ఇటీవలి సంవత్సరాలలో న్యాయవాద వృత్తి నుంచి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తులైన ఇద్దరు తెలుగువారు, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ పి.ఎస్. నరసింహ, అంతకుముందు అదనపు సొలిసిటర్ జనరళ్లుగా పనిచేసినవారే. 2025 మే నెలలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ బి.ఆర్. గవాయ్ ప్రయాణం ఇంకా స్పష్టమైన పాఠం. 1992లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచిలో సహాయ ప్రభుత్వ ప్లీడర్, 2000లో అక్కడే ప్రభుత్వ ప్లీడర్, 2003లో హైకోర్టు న్యాయమూర్తి, 2019లో సుప్రీంకోర్టు. జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ తర్వాత ఆ పదవి చేరుకున్న రెండో దళితుడు ఆయన. సహాయ ప్లీడర్ అనే తొలి మెట్టు అప్పుడు ఆయనకు దొరకకపోయి ఉంటే?

ఆ మెట్టు ఎంతమందికి దొరకడం లేదో చివరి మెట్టు దగ్గరి లెక్క చెబుతుంది. 2018 నుంచి 2022 డిసెంబరు వరకు హైకోర్టులకు నియమితులైన 537 మంది న్యాయమూర్తులలో ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం, ఓబీసీలు 11 శాతం అని కేంద్ర న్యాయ శాఖ వెల్లడించింది. జనరల్ వర్గం వారు 79 శాతం. ఈ అంకెలు బయటకు వచ్చిన ప్రతిసారీ పాలకులు కొలీజియం వైపు వేలు చూపిస్తారు. కొలీజియంపై విమర్శలు నాకూ ఉన్నాయి. కానీ అడ్వకేట్ జనరల్ కార్యాలయానికి కొలీజియం లేదు. అదనపు అడ్వకేట్ జనరల్ నుంచి సహాయ ప్లీడర్ దాకా సంతకం ప్రభుత్వానిదే. పార్టీ మారితే మొత్తం జాబితా మారుతుంది. పైకి వెళ్లే నిచ్చెన మొదటి మెట్టు తమ చేతిలో ఉంచుకుని, చివరి మెట్టు మీద మన వాళ్లు లేరని బాధపడే పాలకులను ఏమనాలి?

ఇది పూర్తిగా ప్రభుత్వ ఇష్టం అన్న వాదనను సుప్రీంకోర్టు ఎప్పుడో తోసిపుచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో జిల్లా ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క ఉత్తర్వుతో మూకుమ్మడిగా తొలగించినప్పుడు, 1990లో శ్రీలేఖ విద్యార్థి కేసులో, ఈ నియామకాలలో ప్రజాప్రయోజనం ఇమిడి ఉందని, 14వ అధికరణం వర్తిస్తుందని చెప్పింది. 2016లో పంజాబ్, హర్యానా నియామకాలపై వచ్చిన బ్రిజేశ్వర్ సింగ్ చహల్ కేసులో మరింత ముందుకు వెళ్లింది. అవసరమెంతో లెక్క వేయకుండా, పద్ధతి లేకుండా న్యాయాధికారులను నియమించడం చెల్లదని, ఎంపిక న్యాయంగా, పారదర్శకంగా ఉండాలని స్పష్టం చేసింది. 2022లో పంజాబ్ ప్రభుత్వం అడ్వకేట్ జనరల్ కార్యాలయంలో ఎస్సీలకు ప్రత్యేకంగా 58 పోస్టులు ప్రకటించింది. అయితే న్యాయవాదికి ఫలానా స్థాయి వార్షికాదాయం ఉండాలన్న నిబంధన అడ్డు తగిలింది. 2025లో చట్టాన్ని సవరించి ఎస్సీ అభ్యర్థులకు ఆ ఆదాయ పరిమితిని సగానికి తగ్గించారు. రిజర్వేషన్ ఇచ్చి వాకిట్లో ఆదాయపు గేటు పెడితే ఏమవుతుందో ఈ అనుభవం చెబుతోంది. పేదవాడి కేసులు వాదించే పేద న్యాయవాదికి పెద్ద ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

వేంపల్లె నుంచి చూస్తే ఈ గేటు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఏదో ఒకటి కోరుకునే హక్కు రాయలసీమకు ఇచ్చారు. 1953లో కర్నూలు రాజధాని అయింది. 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956లో రెండూ హైదరాబాదు చేరాయి. 2019 నుంచి హైకోర్టు అమరావతిలో ఉంది. సీమ యువ న్యాయవాదికి అది ఎప్పుడూ రాత్రంతా బస్సు ప్రయాణమే. హైకోర్టులో నిలదొక్కుకోవాలంటే నగరంలో గది, సీనియర్ ఛాంబర్, జీతం లేని నాలుగైదేళ్లు కావాలి. కులం, ప్రాంతం ఇక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. నా పాత విద్యార్థి ఒకడు, పాపఘ్ని ఒడ్డు పల్లె నుంచి వచ్చి, లా చదివి, జిల్లాలో మంచి పేరు తెచ్చుకున్నాడు. సహాయ ప్లీడర్ పోస్టు కోసం ప్రయత్నిస్తే ఎదురైన మొదటి ప్రశ్న ‘నువ్వు ఎవరి మనిషివి?’ అట. ‘‘సార్, మేము ఎవురి మనుషులమని చెప్పుకోవల్ల?’’ అని నన్ను అడిగాడు. పక్కనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్న పేద పిల్లలు ఇంజనీర్లు కావాలని ఊరంతా కలగంటుంది. న్యాయవాది కావాలని కలగనడానికి ఊరికి ఒక్క దారీ కనబడదు.

రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది ప్రతిభ. నోటిఫికేషన్ లేకుండా, దరఖాస్తు లేకుండా, ఎంపిక కమిటీ లేకుండా జరిగే నియామకానికి ప్రతిభ పేరు పెట్టడం ప్రతిభకే అవమానం. రెండోది మరింత గంభీరమైనది. దళిత న్యాయవాది అదనపు అడ్వకేట్ జనరల్ అయినా ప్రభుత్వం చెప్పినదే వాదించాలి. అవసరమైతే డీకేటీ పట్టాదారుకు వ్యతిరేకంగానూ వాదించాలి. అప్పుడు ప్రాతినిధ్యం ఏం సాధించినట్టు? ఈ పరిమితిని నేను ఒప్పుకుంటాను. అయితే న్యాయాధికారి వాదించడమే కాదు, సలహా కూడా ఇస్తాడు. ఏ కేసులో అప్పీలుకు వెళ్లాలి, దేనిలో ఒప్పుకోవాలి, ఏ ఫైలు ముందు తీయాలి అన్న నిర్ణయాలలో ఆయన మాటకు విలువ ఉంటుంది. అవ్వ కాగితాల వంటివి నెలల తరబడి అట్టడుగున ఉండిపోవడం ఎవరి కంటికీ తప్పుగా తోచకపోవడమే అసలు జబ్బు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడగాలి. అదనపు అడ్వకేట్ జనరల్ నుంచి సహాయ ప్లీడర్ వరకు ప్రతి నియామకానికీ బహిరంగ ప్రకటన, ఎంపిక కమిటీ ఉండాలి. నామినేటెడ్ పదవులలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో చట్టం చేసింది. ఆ సూత్రం ఈ కార్యాలయంలోని ప్రతి హోదాకూ, కింది మెట్టుకే పరిమితం కాకుండా రెండో కుర్చీ దాకా, విడివిడిగా అమలు కావాలి. అందులో మహిళల వాటా, వెనుకబడిన ప్రాంతాల వాటా కనిపించాలి. ఆదాయం అర్హత కాకూడదు. తొలి ఏళ్ల జూనియర్లకు బతకడానికి సరిపడే భృతి ఇవ్వాలి. ఏటా ఈ కార్యాలయాల సామాజిక చిత్రాన్ని ప్రభుత్వం శాసనసభ ముందు ఉంచాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ దీనికి ఎవరి అనుమతీ కోరనక్కరలేదు. రాజ్యాంగ సవరణ అక్కరలేదు, కొలీజియంతో తగవు అక్కరలేదు. ఒక్క జీవో చాలు.

అవ్వ కేసు మళ్లీ వాయిదా పడింది. పోయిన నెల ఫోన్ చేసి, ‘‘ఆ పెద్ద వకీలు ఈసారన్నా మాట్లాడినాడా?’’ అని అడిగింది. లేదన్నాను. ‘‘మాట్లాడేటప్పుడు ఒకతూరి మన చేను చూసిపొమ్మని చెప్పు నాయనా’’ అంది.